బాత్రూమ్ చౌకట్ల గురించి

చిరంజీవి శ్రీనుకు మామయ్య ఆశీస్సులు.

బాత్రూమ్‌లకు డబ్ల్యూపీసీ (వుడ్ ప్లాస్టిక్ కాంపోజిట్) చౌకట్లు పెట్టిస్తున్నావని, అవి జన్మలో పుచ్చవని షాపతను చెప్పాడని రాశావు. అమలాపురం తేమకు మామూలు చెక్క కన్నా అవే నయం, పెట్టించు. కానీ జన్మలో పుచ్చవన్న మాట నమ్మకు.

అందులో ఉండేది ప్లాస్టిక్, చెక్కపొడి. ప్లాస్టిక్‌ను శిలీంధ్రం తినలేదు, చెక్కపొడిని తింటుంది. ప్రతి రేణువునీ ప్లాస్టిక్ కప్పి ఉంచినంత కాలం ఇబ్బంది లేదు. పొడి సగానికి మించితే రేణువులు ఒకదానికొకటి ఆనుకుంటాయి, నీళ్లు ఆ వెంబడే మెల్లగా లోపలికి దిగుతాయి. చెక్కలో తేమ పాతిక, ముప్పై శాతం దాకా చేరి అలాగే నిలిస్తే పుచ్చు మొదలవుతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో, ఎవర్‌గ్లేడ్స్ పార్కులో ఇలాంటి పలకలతో నడకదారి వేశారు. కొన్నేళ్లకే వాటిని శిలీంధ్రం పట్టిందని 1998లో పరిశోధకులు ప్రకటించారు. అప్పటిదాకా దీనికి పుచ్చే రాదనుకున్నవాళ్లు చాలామంది.

అందుకని పొడి ఎంత శాతమో, జింక్ బోరేట్ కలిపారో లేదో అడుగు. శిలీంధ్రాన్ని ఆపే ఆ మందు నీళ్లలో అంత తేలిగ్గా కరిగిపోదు, లోపలే ఉండి కాపాడుతుంది. సరైన జవాబు రాకపోతే రెండు షాపుల నుంచి చిన్న ముక్కలు తెచ్చి, తూచి, వారం రోజులు బకెట్ నీళ్లలో ముంచి, తుడిచి మళ్లీ తూచు. తన బరువుకు తగ్గట్టు చూస్తే తక్కువ నీళ్లు పీల్చిన ముక్క ఏదో, ఆ సరుకు కొను.

అసలు ప్రమాదం కోత దగ్గర. పైపొరలో ప్లాస్టిక్ ఎక్కువ, రంపం పడితే లోపలి చెక్క బయటపడుతుంది. మా ఇంట్లో నేనే ఆ తప్పు చేశాను. చౌకట్టు కాళ్లు కోసి, ఏమీ పూయకుండా నేలలో పాతించాను. తర్వాత తీయిస్తే అడుగున నల్లబడి, ఉబ్బి, స్క్రూలు వదులైపోయి ఉన్నాయి. చాలా బాధేసింది. నువ్వు కోసిన ప్రతి చివరకీ ఎపాక్సీ పూయించు, స్క్రూ రంధ్రాల్లో సిలికాన్ పెట్టించు. చౌకట్టు కాలు నేలలోకి దిగకుండా గ్రానైట్ ముక్క మీద నిలబెట్టించు.

పైన నల్లమచ్చలు కనిపిస్తే కంగారుపడకు. అవి చాలావరకు సబ్బునీళ్ల మురికి మీద పెరిగే బూజే, కడిగితే పోతుంది. చెదలు దీన్ని పెద్దగా తినవు గానీ, దీని మీదుగా మట్టి గూడు కట్టుకుంటూ పక్కనున్న చెక్క తలుపుకి చేరతాయి. కాబట్టి పునాదిలో చెదల మందు కొట్టించడం మానకు.

శనివారం బయలుదేరి వస్తాను. అంతవరకు మేస్త్రిని కాళ్లు కొయ్యనివ్వకు.

మామయ్య