ఫ్రిజ్‌లో పెట్టిన రక్తం కూడా పాడవుతుందా?

ప్రశ్న: మా నాన్నగారి తుంటి ఆపరేషన్‌కి రక్తం తేవడానికి బ్లడ్‌బ్యాంకుకు వెళ్లాను. అక్కడి టెక్నీషియన్ ఒక బ్యాగును లైటు కింద తిప్పి చూసి, ‘ఇది వద్దులెండి, రంగు తేడాగా ఉంది’ అని ఇంకోటి ఇచ్చాడు. అన్ని టెస్టులూ చేశాకే కదా ఫ్రిజ్‌లో పెట్టేది? మరి పాడెలా అవుతుంది డాక్టరుగారూ?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అతను మంచి పని చేశాడమ్మా. మన దేశంలో ప్రతి బ్యాగుకూ తప్పకుండా చేసే టెస్టులు ఐదు: హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ, సిఫిలిస్, మలేరియా. మామూలు బాక్టీరియా కోసం ప్రతి బ్యాగునూ కల్చర్ (కొంచెం తీసి, బాక్టీరియా ఉంటే పెరగనిచ్చి చూసే టెస్టు) చేయరు, నాణ్యత చూసేందుకు కొన్నింటినే తీస్తారు.

బాక్టీరియా ఎక్కువగా దాత చర్మం మీద నుంచే, సూదితో పాటు లోపలికి పోతుంది. ఎర్రకణాలుండే బ్యాగును 2–6 డిగ్రీల చలిలో ఉంచుతారు కాబట్టి చాలా రకాలు పెరగలేవు, కానీ యెర్సీనియా అని ఒకటుంది, దానికి ఫ్రిజ్ పుట్టిల్లు లాంటిది. విరేచనాలు పట్టి తగ్గిన దాత నుంచి రావచ్చు. రక్తదానం ఫారంలో ఆ ప్రశ్న అడిగేది ఇందుకే, చదవకుండా టిక్కు పెట్టేసి వచ్చేయకండి.

ఇక రంగు సంగతి. బాక్టీరియా పెరిగేకొద్దీ ఆక్సిజన్ వాడేసుకుంటుంది, కణాలు పగులుతాయి, బ్యాగులో రక్తం నల్లబడుతుంది. బ్యాగుకు వేలాడే సీలు వేసిన ట్యూబు ముక్కల్లో మాత్రం తరచూ ఎర్రగానే ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. అయితే ఆ తేడా కంటికి కనపడేసరికి బాక్టీరియాలు లెక్కలేనన్ని అయిపోయి ఉంటాయి, రంగు బాగుంది కదా అని భరోసా పడిపోవడానికీ లేదు.

నా టెన్షన్ అంతా ప్లేట్‌లెట్లతోనే. డెంగీ రోజుల్లో మనవాళ్లు పరుగులు పెట్టేది వీటికోసమే కదా! చలిలో పెట్టకూడదు, 20–24 డిగ్రీల్లో ఊపుతూ సాధారణంగా 5 రోజుల దాకా ఉంచుతారు, బాక్టీరియాకి అంతకన్నా ఏం కావాలి? అమెరికాలో 2004 నుంచే వీటిలో బాక్టీరియా ఉందేమో చూడటం బ్లడ్‌బ్యాంకులకు నియమమైంది. కొంచెం ప్లేట్‌లెట్ ద్రవం కల్చర్ సీసాలో పోసి మెషీన్‌లో పెడతారు, బాక్టీరియా ఉంటే అది వదిలే కార్బన్ డయాక్సైడ్‌కి సీసా అడుగున బిళ్ల పసుపు రంగుకి తిరుగుతుంది. చిక్కల్లా ఒకటే, దీనికి టైము పడుతుంది, అసలు మొదట్లో బాక్టీరియా మరీ తక్కువుంటే తీసిన ఆ కొద్ది ద్రవంలో ఒక్కటీ దొరక్కపోవచ్చు.

మీ వంతుగా చేయాల్సింది: రక్తం ఎక్కుతుండగా నాన్నగారికి వణుకు, జ్వరం, ఆయాసం మొదలైతే వెంటనే నర్సును పిలవండి, ముందు డ్రిప్ ఆపేస్తారు. ఆ బ్యాగును మాత్రం చెత్తబుట్టలో వేయనివ్వకండి, ట్యూబుతో సహా బ్లడ్‌బ్యాంకుకు వెళ్లాలి, కల్చర్ చేయాల్సింది అందులోదే.