చెట్టు లావెక్కితే లాభం వచ్చినట్టేనా?

ప్రశ్న: అన్నదమ్ములిద్దరం చిన్న కంపెనీ పెట్టి టేకు వేశాం. ఇది తొమ్మిదో ఏడు, కోతకు ఇంకా చాలా ఏళ్లు ఆగాలి. చెట్లు ఏటా పెరుగుతున్నాయి కాబట్టి ఆ పెరుగుదలనే రాబడిగా చూపించి లాభం పంచుకుందాం అంటాడు తమ్ముడు. అమ్మేదాకా లెక్కల్లో ఏమీ రాయకూడదని నా వాదన. ఎవరిది కరెక్ట్?

జవాబు: లెక్క రాసే విషయంలో మీ తమ్ముడి మాటలో కొంత నిజం ఉంది. పంచుకునే విషయంలో మాత్రం నేను పూర్తిగా మీ వైపే.

మీ కంపెనీ అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాలు పాటిస్తుంటే, వాటిలో సాగు లెక్కల కోసం ఉన్న ఐఏఎస్ 41 వర్తిస్తుంది. 2003 నుంచి అమల్లో ఉన్న ఈ ప్రమాణం ప్రకారం, నిలబడి ఉన్న చెట్లకు ఏటా మార్కెట్ విలువ కట్టి, అందులోంచి అమ్మకపు ఖర్చులు తీసేసి, నిరుటికీ ఇప్పటికీ ఉన్న తేడాని లాభనష్టాల ఖాతాలో చూపాలి. కానీ దాని పేరు రాబడి కాదు, విలువలో వచ్చిన లాభం. ఏడాది మొదట్లో 100 ఉన్న తోట చివరికి 120 అయిందనుకోండి. పాత ధరలతోనే లెక్కేస్తే ఏడాది ముదిరిన ఆ తోట 112 చేసేదైతే, 12 చెట్టు పెరిగినందుకు, మిగతా 8 కలప ధర పెరిగినందుకు. ఈ రెండూ విడివిడిగా రాసిపెట్టుకోండి, ఎందుకంటే ఛాతీ ఎత్తున టేపు చుట్టి కొలిచిన చుట్టుకొలత మళ్లీ తగ్గదు, ధర మాత్రం వచ్చే ఏడాదే పడిపోవచ్చు, అప్పుడు అదే ఖాతాలో నష్టం చూపాల్సి వస్తుంది. నేల విలువ ఇందులో కలపకండి, చాలామంది చేసే తప్పు ఇదే.

(పళ్లతోటల వాళ్లు కూడా అడుగుతుంటారు: ఏళ్ల తరబడి కాపునిచ్చే మొక్కలు 2016 నుంచి, ఏటా మార్కెట్ విలువ కట్టాల్సిన పని లేకుండా, యంత్రాల్లా ఆస్తి కిందికి వెళ్లాయి, వాటి మీది కాయలు మాత్రం ఐఏఎస్ 41లోనే ఉన్నాయి. కలప కోసం పెంచే టేకుకి ఆ మినహాయింపు లేదు.)

అసలు రాబడి ఎప్పుడంటే, సరుకు మీద అధికారం కొన్నవాళ్ల చేతికి వెళ్లినప్పుడు. నరికి పేర్చిన దుంగ ఇంకా మీదే అయితే అది సరుకు నిల్వ, అంతే. నిలువు చెట్ల మీద ఎవరైనా అడ్వాన్సు ఇచ్చినా అది రాబడి కాదు, సరుకు అప్పగించేదాకా మీరు బాకీ ఉన్నట్టే. ఒప్పందంలో చెట్టు ఎప్పుడు కొన్నవాళ్లది అవుతుంది, నరికినప్పుడా, లారీకి ఎక్కించినప్పుడా అన్న ఒక్క వాక్యం మీద మీ లెక్క ఏ ఏడాదిలో పడుతుందో తేలుతుంది, సంతకానికి ముందు అది చదవండి.

చిన్న కంపెనీలకు చాలాచోట్ల వేరే నియమాలుంటాయి, చెట్లని పెట్టిన ఖర్చు దగ్గరే ఉంచనిస్తాయి. పన్ను ఎప్పుడు పడుతుందన్నదీ దేశాన్ని బట్టి మారుతుంది. ఈ రెండూ మీ ఆడిటర్‌ని ఇప్పుడే అడగండి.

ఇక పంపకం. కాగితం మీద 20 పెరిగిందని పంచుకోవాలంటే ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తారు? అప్పు తేవాలి, లేదా లేత చెట్లే కొట్టాలి, రెండూ తోటని తినేస్తాయి. తోటని పలచన చేసినప్పుడు తీసిన కర్రలు అమ్మితే వచ్చేది నిజమైన డబ్బు. వచ్చే రెండేళ్ల కాపలా, కలుపు ఖర్చు అందులోంచి పక్కన పెట్టి, మిగిలింది పంచుకోండి.