చిన్ను పోయాక ఇంట్లో ఉండలేకపోతున్నా.. ఊరు వెళ్తే తేరుకుంటానా?

ప్రశ్న: నా వయసు 57. రాజమండ్రిలో ఉంటాం. టీచర్‌గా పనిచేసి రెండేళ్ల కిందట స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. పదమూడేళ్ల కిందట వానలో తడుస్తూ మా గేటు దగ్గరకు వచ్చిన వీధికుక్క పిల్లను పెంచుకున్నాం. పేరు చిన్ను. రెండున్నర నెలల కిందట కిడ్నీలు పాడై, తిండి మానేసి, వాంతులతో అల్లాడిపోతుంటే పశువుల డాక్టరు సలహాతో ఇంజెక్షన్ చేయించాం. కాగితం మీద సంతకం పెట్టింది నేనే. అప్పట్నుంచి ముద్ద దిగడం లేదు. నాలుగు కిలోలు తగ్గాను. బీపీ 150/96 ఉంటోంది. మాత్ర వేసుకోవడం మధ్యమధ్య మర్చిపోతున్నాను. రాత్రిళ్లు వరండాలో దాని గోళ్ల చప్పుడు వినిపిస్తోంది. నిద్ర కోసం నెల రోజులుగా, తెలిసినవాళ్లు ఇచ్చిన అల్‌ప్రజొలామ్ 0.25 వేసుకుంటున్నాను. గోదావరి గట్టు మీద రోజూ చిన్నూతో నడిచేదాన్ని. ఇప్పుడు అటు వెళితే టీ కొట్టాయన ‘చిన్ను ఏదమ్మా’ అని అడుగుతాడేమోనని మానేశాను.

నెల కిందట మావారు అరకు తీసుకెళ్లారు. బొర్రా గుహల దగ్గర ఒక కుక్క వచ్చి నా కాళ్ల పక్కన పడుకుంటే అందరి ముందూ భోరుమన్నాను. దానికి బిస్కెట్లు పెట్టాక ఎందుకో తేలికపడ్డాను. ఆ సాయంత్రం నవ్వాను కూడా. ఇంటికొచ్చి తాళం తీయగానే మళ్లీ మొదటికొచ్చింది. నవ్వినందుకు తప్పు చేసినట్టనిపించింది. ఇప్పుడు బెంగళూరులో ఉన్న మా అమ్మాయి మైసూరు, కొడగు పది రోజులు తిప్పుతానని శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు తీసింది. వెళ్లనా, మాననా? నాకొచ్చింది జబ్బేనా? చిన్ను బెల్టు వెంట తీసుకెళ్లాలని ఉంది. పిచ్చి అనుకుంటారేమో. – ఒక పాఠకురాలు

సమాధానం: వెళ్లండమ్మా. బెల్టు కూడా తీసుకెళ్లండి. సూట్‌కేసు అడుగున కాకుండా చేతిసంచిలో, చెయ్యి పెడితే తగిలేలా పెట్టుకోండి.

అయితే బయల్దేరే ముందు ఒకసారి మీ డాక్టరు దగ్గరకు వెళ్లి తీరాలి. ముందు ఆ సంగతి చెబుతాను.

రెండున్నర నెలల్లో నాలుగు కిలోలు తగ్గడాన్ని దిగులు ఖాతాలో వేసి వదిలేయలేం. తిండి తగ్గితే బరువు తగ్గుతుంది, నిజమే. కానీ ఈ వయసులో థైరాయిడ్ ఎక్కువైనా, షుగర్ మొదలైనా ఇలాగే తగ్గుతారు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, హిమోగ్లోబిన్, కిడ్నీ పరీక్షలు చేయించుకోండి. ఒక్క రక్తనమూనాతో అన్నీ తేలిపోతాయి. బీపీ 150/96 అంటున్నారు గానీ, మాత్ర సరిగా వేసుకోని రోజుల లెక్క అది. వారం రోజులు ఒకే వేళకు మాత్ర వేసుకుని, అప్పుడు చూసుకుంటే అసలు సంగతి తెలుస్తుంది.

అల్‌ప్రజొలామ్ విషయంలో నాకు నిజంగా ఆందోళనగా ఉంది. అది చీటీ లేకుండా చేతులు మారాల్సిన మాత్ర కాదు. నెల రోజులు రోజూ వేసుకుంటే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. అలాగని ఈ రాత్రే ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే నిద్ర అసలే రాదు, గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. ఎలా తగ్గించుకుంటూ రావాలో మీ డాక్టరు రాసిస్తారు. ప్రయాణానికి ముందే ఈ పని ఎందుకంటే, కొత్త హోటల్ గదిలో అర్ధరాత్రి ఆ మత్తులో బాత్రూమ్‌కు లేచి, స్విచ్ ఎక్కడుందో తెలియక పడిపోయి తుంటి విరగ్గొట్టుకున్న వాళ్లను నేను చూశాను. పక్కన టార్చ్ పెట్టుకుని పడుకోండి.

ఇక మీరడిగిన ప్రశ్న: ఇది జబ్బా? ఇప్పటికైతే కాదు, దుఃఖం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాలో దీర్ఘకాలిక దుఃఖాన్ని చేర్చింది. కానీ కనీసం ఆరు నెలలు దాటి, మనిషిని ఏ పనీ చేసుకోనివ్వకుండా కుంగదీస్తేనే ఆ పేరు పెడతాం. పైగా ఆ నిర్వచనంలో ఉన్నది దగ్గరి మనిషి చనిపోవడమే, కుక్క లేదు. పుస్తకంలో లేదు కాబట్టి బాధ చిన్నదని మాత్రం నేననను. మా ఓపీకి ‘నిద్ర పట్టడం లేదు, గ్యాస్ పడుతోంది’ అంటూ వచ్చి, పావుగంట కూర్చున్నాక తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి ‘మా కుక్క పోయిందండీ’ అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అమెరికాకు చెందిన పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లోనే ఈ పరిస్థితికి ఒక పేరు పెట్టారు. లోకం లెక్కలోకి తీసుకోని దుఃఖం అని దాని అర్థం. ఇంట్లో మనిషి పోతే పలకరించడానికి పదిమంది వస్తారు, పదకొండో రోజు, పన్నెండో రోజు అంటూ ఏడవడానికి ఒక వేళ, ఒక చోటు ఉంటాయి. చిన్నూకు అవేమీ జరగలేదు. మీరు ఒక్కరే తలుపేసుకుని మోశారు.

గోళ్ల చప్పుడు వినిపించడం పిచ్చి కాదు. వేల్స్‌లో ఒక పల్లె డాక్టరు భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందిని అడిగితే, దాదాపు సగం మంది ఆ మనిషి పక్కనే ఉన్నట్టనిపించిందనో, కనబడినట్టో వినబడినట్టో అయిందనో చెప్పారు. 1971లో అచ్చయిన అధ్యయనం అది. వాళ్లలో ఎక్కువ మంది ఆ సంగతి అంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు. పదమూడేళ్లు ఆ చప్పుడుకు అలవాటు పడ్డ చెవి రెండు నెలల్లో మానుకోదు.

సంతకం సంగతి. మీ ఉత్తరంలో దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు గానీ, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అదేనని నాకనిపిస్తోంది. కుక్కలో కిడ్నీ చెడుతోందని రక్తపరీక్ష చెప్పే పాటికే చాలా ఆలస్యమైపోతుంది. కిడ్నీలు వడగట్టాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరిగే సమయానికి దాదాపు 75 శాతం కిడ్నీ పని పోయి ఉంటుంది. అంతవరకూ కాస్త ఎక్కువ నీళ్లు తాగడం, కాస్త చిక్కడం తప్ప ఏమీ కనబడదు. ముసలితనం అనుకుంటాం. ‘ముందే చూసుకోలేకపోయాను’ అని మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నట్లయితే, అప్పుడు చూడటానికి పైకి ఏమీ లేదమ్మా. ఆ ఇంజెక్షన్ కూడా చాలా ఎక్కువ మోతాదులో ఇచ్చే మత్తుమందే. మొదట నిద్ర పడుతుంది, తెలివి పోతుంది. గుండె ఆగేది ఆ తర్వాత. మనుషుల ఆపరేషన్లకు మత్తిచ్చినప్పుడు పట్టే నిద్ర ఎలాంటిదో నాకు తెలుసు. చిన్నూకు చివరగా తెలిసింది ఆ నిద్రే. వాంతులతో ఇంకో నాలుగు రోజులు ఉండనిచ్చి ఉంటే చివరగా తెలిసేది వేరు. పక్కన ఎవరున్నారో మీరు రాయలేదు. మీరే ఉండి ఉంటారు.

చిన్ను మీకు చేసిపెట్టిన ఒక పని గురించి కూడా చెప్పాలి. అయిదింటికి లేపేది. గట్టు మీద అరగంటో గంటో నడిపించేది. ఎండ తగిలేది. టీ కొట్టు దగ్గర నలుగురితో మాటలయ్యేవి. దానికి అన్నం పెట్టే వేళకే మీరూ తినేవారు. రిటైరయ్యాక బడి గంట లేని మీ రోజుకు చిన్నూయే గంట కొట్టింది. అది పోయేసరికి వ్యాయామం, ఎండ, వేళకు తిండి, పదిమందితో మాట అన్నీ ఒకేరోజు ఆగిపోయాయి. నిద్ర పట్టకపోవడానికి, బీపీ పెరగడానికి దుఃఖం ఎంత కారణమో ఇదీ అంతే కారణం. ఈ రెండోదాన్ని మాత్రం మనం సరిచేసుకోవచ్చు.

అందుకే ప్రయాణం మంచిదంటున్నాను. మరిచిపోవడానికి కాదు. కొత్త ఊళ్లో పొద్దున్నే లేవాలి, బయటికెళ్లాలి, నడవాలి, నలుగురితో కలిసి తినాలి. చిన్ను చేయించిన పనులే ఇప్పుడు మీ అమ్మాయి చేయిస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. మీ ఇంట్లో ప్రతి మూలా చిన్నూదే. కొడగులో, మడికేరి హోటల్ గది అలా కాదు. అక్కడ చిన్ను గుర్తుకొస్తే మీరు తలచుకున్నందువల్ల వస్తుంది, ఖాళీ గిన్నె కంటపడి గుండెలో పొడిచినట్టు కాదు.

నవ్వినందుకు బాధపడ్డానన్నారు. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు నెదర్లాండ్స్‌లో ఏళ్ల తరబడి దుఃఖం గురించే పనిచేశారు. తేరుకునే మనిషి ఒకేదారిలో ముందుకు పోడని, కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు బతుకు వైపు ఊయలలా ఊగుతుంటాడని 1999లో రాశారు. బొర్రా దగ్గర మీకు జరిగింది అచ్చంగా అదే. మధ్యాహ్నం ఏడ్చారు, సాయంత్రం నవ్వారు. ఆ రెండూ ఒకే రోజు జరిగాయని చదివినప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

దారిలో ఏం చేయాలో కొద్దిగా చెబుతాను. బీపీ మాత్రలు లగేజీలో వేయకండి, బెల్టు ఉన్న సంచిలోనే పెట్టుకోండి. రాత్రంతా రైలు కాబట్టి నీళ్లు తాగుతూ ఉండండి, బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తుందని మానేయకండి. రోజుకు ఒక చోటు చాలు. పది రోజుల్లో ఇరవై చోట్లు చూడాలని అమ్మాయి జాబితా రాసి ఉంటే సగం కొట్టేయమనండి. మధ్యాహ్నం ఒక గంట మీదిగా ఉంచుకోండి. ఏడుపొస్తే ఆ గంటలో ఏడవండి, రాకపోతే పడుకోండి.

అక్కడ కూడా కుక్కలు మీ దగ్గరకొస్తాయి. మీలాంటివాళ్లను అవి పోల్చుకుంటాయి. తిండి పెట్టండి, కానీ చేత్తో అందించకుండా కింద పెట్టి పక్కకు జరగండి. తింటున్న కుక్కను, పిల్లలున్న తల్లిని నిమరకండి. చాక్లెట్ బిస్కెట్లు అసలు పెట్టకండి, చాక్లెట్ కుక్కలకు విషం. పన్ను గానీ గోరు గానీ గీరుకుంటే పావుగంట సేపు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి, ఆ రోజే రేబిస్ టీకా మొదలుపెట్టండి. ‘మా చిన్నూకు టీకాలన్నీ వేయించాం, పదమూడేళ్లుగా ఏమీ కాలేదు’ అన్న ధీమా వీధికుక్క దగ్గర పనికిరాదు.

బెంగళూరులో ఒక పూట దొరికితే ప్రభుత్వ మ్యూజియంలో ఆతకూరు శిలను చూడమని కోరుతున్నాను. క్రీస్తుశకం 949-50 నాటిది. రాష్ట్రకూటులు తక్కోలం యుద్ధం గెలిచాక రాజు మణలేరుడనే వీరుణ్ని ఏం కావాలో కోరుకోమన్నాడు. అతను రాజు దగ్గరున్న వేటకుక్కను అడిగాడు. దాని పేరు కాళి. ఒక పెద్ద అడవిపందితో పోరాడి కాళి చనిపోయింది, పందీ చచ్చింది. కాళి కోసం రాయి చెక్కించి గుడి ముందు నిలబెట్టారు, ఆ రాయికి పూజ జరగాలని భూమి రాసిచ్చారు. ‘కుక్క కోసం ఇంత ఏడుపా’ అని మీతో ఎవరైనా అంటే, వెయ్యేళ్ల కిందటే ఒక యోధుడు తన కుక్కకు రాయి ఎత్తించాడని చెప్పండి.

ఒక హెచ్చరిక కూడా. ఛాతీలో బరువు, ఎడమ చేతికి గానీ దవడకు గానీ పాకే నొప్పి, ఊపిరాడకపోవడం, చల్లటి చెమట, వీటిలో ఏది వచ్చినా దిగులనో గ్యాసనో అనుకోకండి. వెంటనే ఈసీజీ తీసే ఆసుపత్రికి వెళ్లండి. గట్టి మానసిక దెబ్బ తగిలినప్పుడు గుండె ఎడమ గది ఉబ్బి, సరిగా కొట్టుకోలేకపోయే స్థితి ఒకటుంది. జపాన్ డాక్టర్లు 1990లో తకోత్సుబో అని పేరు పెట్టారు. ఆక్టోపస్‌లను పట్టే కుండ ఆకారంలో గుండె కనబడుతుంది కాబట్టి ఆ పేరు. ఇది ఎక్కువగా నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు వస్తుంది. కుక్క చనిపోయాక టెక్సస్‌లో ఒకామెకు ఇలా జరిగిందని 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. ఆమె కోలుకున్నారు. సకాలంలో ఆసుపత్రికి చేరితే ఎక్కువ మంది కొన్ని వారాల్లో మామూలవుతారు. అలాగే ‘నేనూ పోతే బాగుండు’ అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఇంట్లో చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలిమానస్ అది, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు. తిరిగొచ్చాక కూడా ఏ రోజూ ఏదీ చేయబుద్ధి కాని స్థితి రెండు వారాలకు పైగా ఉంటే సైకియాట్రిస్టును కలవండి. అప్పుడు సరైన మందులున్నాయి, అల్‌ప్రజొలామ్ వాటిలో ఒకటి కాదు.

మీ అమ్మాయి, మీవారు కలిసి మిమ్మల్ని సంతోషపెట్టాలని కొత్త కుక్కపిల్లను ఇంట్లో పెట్టి ఉంచుతారేమోనని నాకు చిన్న భయం. ఈ జవాబు వాళ్లకు చూపించండి. పిల్ల ఎప్పుడు రావాలో, అసలు రావాలో లేదో చెప్పాల్సింది మీరు.

అరకు నుంచి వచ్చి తాళం తీసిన క్షణమే మిమ్మల్ని పడగొట్టింది. అందుకే ఈసారి రాక గురించి వెళ్లకముందే ఆలోచించుకోండి. వెళ్లే ముందే చిన్ను గిన్నె, పరుపు మీ చేత్తో కడిగి, ఎండబెట్టి, మీరు అనుకున్న చోట పెట్టండి. పారేయొద్దు. తిరిగొచ్చేది పగటి పూట అయ్యేలా చూసుకోండి. ఈసారి తాళం మీవారిని తీయమనండి. ముందు ఆయన లోపలికెళ్లి, లైట్లు వేసి, పాలు పొయ్యి మీద పెట్టాక మీరు అడుగుపెట్టండి. అమ్మాయి సెలవు దొరికి రెండు రోజులు వెంట వస్తే ఇంకా మంచిది.

మర్నాడు అయిదున్నరకు బెల్టు తీసుకుని గట్టు మీదకు వెళ్లండి. కాసేపే, టీ కొట్టు దాకా చాలు. ఆయన ‘చిన్ను ఏదమ్మా’ అని అడుగుతాడు. చెప్పండి. ఆయనకూ రోజూ కనబడిన కుక్కే కదా. ఇంటికొచ్చి, అయిదు నిమిషాలు కూర్చుని బీపీ చూసుకుని కాగితం మీద రాసుకోండి. వారం రోజుల లెక్క, రక్తపరీక్షల కాగితాలు మీ డాక్టరుకు చూపించి, నాకూ ఒక ముక్క రాయండి.