కాలనీ చరిత్ర ప్రదర్శనకి పాత ఫోటోలు అడుగుతూ "మన కాలనీ చరిత్రకు సంబంధించిన ఫోటోలు" కావాలని నోటీసు అతికించాం, ఎవరూ ఇవ్వట్లేదు, ఎలా రాబట్టాలి?

నోటీసు అతికించి ఊరుకుంటే ఫోటోలు రావండి. అందులో మీరు "మన కాలనీ చరిత్రకు సంబంధించిన ఫోటోలు" అని రాశామన్నారు. చరిత్ర అనే మాట చూడగానే జనానికి ప్రారంభోత్సవాలూ నాయకులూ గుర్తొస్తారు తప్ప, బీరువా అడుగున పడున్న పుట్టినరోజు ఫోటో గుర్తు రాదు. అందుకే మేం ఇలాంటి ప్రదర్శనకి పోగుచేసినప్పుడు అడిగిన ప్రశ్నలు వేరు: మీ ఇల్లు కడుతున్నప్పుడు ఎవరైనా ఫోటో తీశారా, పిల్లాడు కొత్త సైకిల్‌తో వీధిలో నిలబడింది ఉందా, గుమ్మం ముందు అందరూ కలిసి దిగింది ఉందా. వాళ్లకి సైకిల్ మీద పిల్లాడు ముఖ్యం. మనకి కావాల్సింది వాడి వెనకాల ఉన్నది, అంటే ఇప్పుడు లేని చెట్టు, రోడ్డు పడకముందు మట్టిబాట, ఇళ్లు రాకముందు ఖాళీ స్థలం.

ఒకావిడ "ఇది మా చెల్లి ఫోటో, ఇందులో మీకేం పనికొస్తుంది" అంటూనే ఇచ్చారు. స్కాన్ చేసి పెద్దది చేసి చూస్తే చెల్లి భుజం పక్కన సగం కట్టిన నీళ్ల ట్యాంకు, దానికి ఆనించిన నిచ్చెన, నిచ్చెన మీద ఒక మనిషి. ట్యాంకు ఎప్పుడు కట్టారో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు కానీ చెల్లికి అప్పుడు ఎన్నేళ్లో ఆవిడకి బాగా తెలుసు, దాంతో లెక్క తేలిపోయింది.

ఇక ఇవ్వకపోవడానికి అసలు కారణం, ఇస్తే తిరిగి రాదన్న భయం. న్యాయమైన భయమే. కాబట్టి ఒరిజినల్ మీరు ఇంటికి తీసుకెళ్లనే వద్దు. సెలవు రోజు అందరూ వచ్చే చోట బల్ల వేసి, వాళ్ల కళ్లముందే స్కాన్ చేసి, అక్కడికక్కడే చేతిలో పెట్టేయండి. రాలేని పెద్దవాళ్ల ఇంటికి మీరే వెళ్లండి. స్కానర్ తిరిగే ఆ కాసేపట్లో మాట్లాడించండి: ఇందులో ఎవరెవరు, ఎక్కడ, సుమారు ఎప్పుడు, తీసిందెవరు. ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఫైలుకి ఇచ్చిన నంబరే వివరాల కాగితం మీదా వేయండి, లేకపోతే తర్వాత ఏది ఎవరిదో తేలక తలనొప్పి.

స్కాన్ కనీసం 600 డీపీఐలో (అంటే అంగుళానికి 600 చుక్కలు) చేయండి. 4×6 అంగుళాల ఫోటో అయితే 2400×3600 పిక్సెళ్లు వస్తాయి, 8×12 సైజుకి పెంచి ప్రింట్ తీసినా చెక్కుచెదరదు. చిన్న ఫోటోలకి 1200 పెట్టండి. వెనకవైపు కూడా స్కాన్ చేయాలి, స్టూడియో ముద్రా చేతిరాత తేదీ ఉండేది అక్కడే. జిగురు పేజీల ఆల్బంలో అతుక్కుపోయినదాన్ని పీకకండి, పేజీతో సహా స్కాన్ చేసేయండి. దూరంగా ఉన్నవాళ్లు వాట్సాప్‌లో పంపుతామంటే, డాక్యుమెంట్‌గా పంపమనండి, మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది. మసక ముఖాలని ఏఐ యాప్‌లతో "బాగుచేద్దాం" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, ఒప్పుకోకండి. అవి ముఖాన్ని బాగుచేయవు, ఊహించి కొత్తది అతికిస్తాయి, చూసిన మనవరాలు "ఈయన మా తాతయ్య కాదే" అంటుంది.

గోడకి పెట్టేవి స్కాన్ నుంచి తీసిన ప్రింట్లే, ఒరిజినల్స్ కాదు. వెలుతురుకి రంగు ఫోటోలు వెలిసిపోతాయి, మళ్లీ ఆ రంగు రాదు.

అనుమతి నోటిమాటగా వదిలేయకండి. ప్రదర్శనకి మాత్రమేనా, ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా, పేరు వేయొచ్చా అని విడివిడిగా అడిగి సంతకం తీసుకోండి, ఎందుకంటే మొదటిదానికి సరేనని రెండోదానికి వద్దనేవాళ్లు ఉంటారు. విడిపోయిన జంటలు, మాటల్లేని అన్నదమ్ములు ఒకే ఫ్రేములో ఉండొచ్చు, కాస్త కనిపెట్టుకోండి. ఫోటో చేతిలో ఉన్నంత మాత్రాన కాపీరైటు ఇచ్చినవాళ్లదే అయిపోదు. డబ్బిచ్చి స్టూడియోలో తీయించుకున్నదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, మన చట్టం ప్రకారం అది తీయించుకున్నవాళ్లదే; వేరెవరో తీసిందైతే వీలైనంతవరకు తీసినవాళ్లనీ అడగండి.

ఎవరో తెలియని ముఖాలుంటే ఆ ఫోటో కింద తెల్లకాగితం, పెన్సిల్ వేలాడదీయండి, చూడడానికి వచ్చినవాళ్లే రాసిపోతారు. స్కానర్ ఆ రోజు కూడా పక్కనే ఉండాలి. గోడ మీద పక్కింటివాళ్ల ఫోటో చూశాక "ఇలాంటిది మా ఇంట్లోనూ ఉంది, ఉండండి" అని పరిగెత్తుకెళ్లి తెచ్చేవాళ్లు ఉంటారు. మాకు మంచివి ఎక్కువగా అలాగే దొరికాయి.