తాజా కూరలు పది నెలలు తిన్నా నా ఆయాసం ఎందుకు పోలేదంటే

దగ్గర్లో పండిన తాజా కూరగాయలు, పండ్లే తింటే ఒంట్లో సత్తువ వస్తుందా, ఎక్కడి నుంచో వచ్చి కోల్డ్ స్టోరేజీలో పడి ఉన్నవాటిలో నిజంగానే పస ఉండదా అని అడిగారు. రెండో ప్రశ్నకు నా జవాబు, కొంతవరకు నిజమే. మొదటి ప్రశ్న దగ్గర మాత్రం నేను పది నెలలు పొరబడ్డాను. నన్నెవరూ మోసం చేయలేదు, నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

రెండు అంతస్తులు ఎక్కితే ఆయాసం, మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్లు మూతలు పడటం, ఇదీ అప్పటి నా పరిస్థితి. తప్పంతా ఫ్రిజ్‌లో ఉందని తేల్చేశాను. పది రోజులకోసారి ఒకేసారి కొని పడేసేవాణ్ణి, కవర్లో ఆకుకూర జిగురు పట్టేదాకా గుర్తొచ్చేది కాదు. అందుకని వారానికి రెండుసార్లు పొద్దున్నే లేచి, పండించినవాళ్లే నేరుగా అమ్మే చోటికి వెళ్లడం మొదలుపెట్టాను.

మొదట తెలిసిన తేడా రుచి. ఆ పొద్దున కోసిన పచ్చి బఠాణీ ఒలిచి నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంటుంది, అదే నాలుగు రోజులు ఉంచి తింటే పిండి నమిలినట్టు ఉంటుంది. కోసినంత మాత్రాన గింజ చచ్చిపోదు కదా, ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, తనలోని చక్కెరను కొంత ఖర్చుపెడుతుంది, కొంత పిండిగా మార్చుకుంటుంది. స్వీట్ కార్న్ కూడా అంతే. ఆకుకూరల్లో విటమిన్ సి, ఫోలేట్ (ఇదీ ఒక బి విటమినే) త్వరగా తగ్గుతాయి, పాలకూరను ఫ్రిజ్‌లోనే ఉంచినా వారం దాటేసరికి ఫోలేట్ దాదాపు సగం పోతుంది, బయట వేడిలో అయితే ఇంకా తొందరగా. కానీ ఐరన్, కాల్షియం, పీచు ఎక్కడికీ పోవు. వడిలిన ఆకులో కూడా అవి ఉన్నంతా ఉంటాయి.

కాబట్టి 'దగ్గర్లో పండింది' అన్న మాటకు సొంతంగా ఏ మహిమా లేదు, కోసి ఎన్ని గంటలైంది, ఎంత వేడిలో ఉంచారు, ఇవే లెక్క. పక్క పొలంలో కోసినా రెండు రోజులు ఎండలో పెట్టి అమ్మితే దానికంటే ఫ్రీజర్‌లోని బఠాణీ నయం, ఎందుకంటే వాటిని కోసిన కొన్ని గంటల్లోనే వేడినీళ్లలో ఒక్క నిమిషం ముంచి తీసి గడ్డకట్టిస్తారు. ఒకప్పుడు ఆ ప్యాకెట్లు కొనేవాళ్లను చూసి నవ్వేవాణ్ణి, ఇప్పుడు మా ఫ్రీజర్‌లో ఎప్పుడూ ఒకటి ఉంటుంది. ఇంకో అపోహ, లోకల్ అంటే మందు కొట్టనిది అనుకోవడం. మందు కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోయాలని గడువు ఉంటుంది, అది దగ్గరి పొలానికీ దూరపు పొలానికీ ఒకటే. పండించినవాళ్ల దగ్గరే కొంటే ఆ మాట మొహం మీదే అడగొచ్చు, నా దృష్టిలో లోకల్‌గా కొనడంలో ఉన్న పెద్ద లాభం అదే.

సరే, పది నెలలు గడిచాయి. మలబద్ధకం పోయింది, బయటి తిండి దానంతటదే తగ్గింది. మెట్ల దగ్గర ఆయాసం మాత్రం ఇంచు కూడా కదల్లేదు. చివరికి రక్తపరీక్ష చేయించుకుంటే హిమోగ్లోబిన్ (రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది, అది తయారవ్వాలంటే ఐరన్ కావాలి) 9.8కి పడిపోయింది, విటమిన్ బి12 కూడా బాగా తక్కువ. ఇంత పాలకూర తింటున్నాను కదా అని డాక్టర్‌తో వాదించాను కూడా. ఆయన రెండే ప్రశ్నలు అడిగారు. మాంసం, చేపలు, గుడ్లు తింటారా? టీ ఎప్పుడు తాగుతారు?

అవేవీ తినను, పాలు కూడా టీలో పడేంతే. ఇక ఆ టీ, భోజనం చేసి చెయ్యి కడుక్కోగానే ఒక పెద్ద కప్పు, చిక్కగా. టీలో వగరునిచ్చే టానిన్లు తిండిలోని ఐరన్‌ను పట్టేసుకుని ఒంటికి అందకుండా చేస్తాయట. పాలకూరలో ఐరన్ ఉన్నా అందులో మనకు ఒంటబట్టేది చాలా కొంచెం. బి12 అయితే కూరగాయల్లో దొరకనే దొరకదు, అది ఆ నిమిషాన కోసిందైనా సరే. నేను కడుపుకు ఆకులు పెట్టి, వాటిలో లేనిదాన్ని ఆశిస్తూ కూర్చున్నానన్నమాట.

తాజా తిండికి సత్తువనిచ్చే శక్తి లేదని అనడం లేదు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు చిగుళ్లు ఉబ్బి, లేవలేక పడున్న 12 మంది నావికులను ఇద్దరిద్దరుగా విడదీసి ఆరు రకాల చికిత్సలు చేశాడు. నారింజ, నిమ్మ జాతి పండ్లు తిన్న ఇద్దరూ ఆరు రోజుల్లోనే తేరుకున్నారు, ఒకడు లేచి పనిలోకి కూడా వెళ్లాడు. వాళ్లకు కరువైంది విటమిన్ సి, అది ఆ పండ్లలో ఉంది కాబట్టి పనిచేసింది. నాకు కరువైంది నా సంచీలో లేదు, అంతే తేడా.

మాత్రలు వేసుకున్నాను, టీని భోజనానికి గంటన్నర ఎడంగా జరిపాను, పప్పులో ఆకుకూరలో నిమ్మకాయ పిండుకోవడం అలవాటు చేసుకున్నాను (నిమ్మరసంలోని విటమిన్ సి వల్ల ఐరన్ బాగా ఒంటబడుతుంది). మూడు నెలలకు మెట్లు మామూలు మెట్లయ్యాయి. ఐరన్ ఎందుకు తగ్గిందో కూడా డాక్టర్ వెతికారు, కొందరికి కడుపులోనో పేగుల్లోనో తెలియకుండా రక్తం పోతుంటుందట, కాబట్టి సొంతంగా మాత్రలు కొనుక్కుని ఊరుకోకండి.

సత్తువ అంటే మీ ఉద్దేశం బరువులెత్తే బలమైతే అది కండకు సంబంధించింది. దానికి ప్రోటీన్ కావాలి, కండకు పని కావాలి. మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాముల చొప్పున, అంటే 60 కిలోలుంటే కనీసం 48 గ్రాముల ప్రోటీన్. తాజా పిచ్చిలో నా కంచం నిండా కూరలే ఉండేవి, పప్పు గరిటెడు కూడా పడేది కాదు. కూరగాయలు, పండ్లు కలిపి రోజుకు కనీసం 400 గ్రాములు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, నేను అది ఎప్పుడో దాటేసి పప్పుకు చోటు లేకుండా చేసుకున్నాను.

ఇక వంటింట్లో. ఆకుకూర తెచ్చిన రోజో మర్నాడో వండేయండి, తరిగాక నీళ్లలో నానబెట్టకండి, ఉడికించిన నీళ్లు పారబోయకండి. అరటిపండ్లు, యాపిల్ పక్కన ఆకుకూరలు పెడితే వాటి నుంచి వచ్చే ఎథిలిన్ వాయువుకు తొందరగా పసుపెక్కుతాయి. టమాటాలు పూర్తిగా పండేదాకా ఫ్రిజ్ బయటే ఉంచండి, చలికి రుచి చచ్చిపోతుంది. అన్నీ పచ్చిగా తింటేనే మంచిదన్నది కూడా పూర్తిగా నిజం కాదు, టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ అనే పదార్థం నూనెలో ఉడికితేనే బాగా అందుతుంది.

మీ నీరసం కొన్ని వారాలుగా ఉంటే ముందు రక్తపరీక్ష చేయించుకోండి, కూరగాయలు ఎటూ కొనేవే. నేనిప్పటికీ వారానికి రెండుసార్లు వెళ్తూనే ఉన్నాను, అయితే సత్తువ కోసం కాదు, ఆ బఠాణీల కోసం. ఇంటికి చేరేలోపే సగం ఖాళీ.