ముందు ప్రశ్న, తర్వాతే నిర్వచనం

ప్రియమైన తమ్ముడికి,

బనాఖ్ స్పేస్‌ల (వెక్టర్ల పొడవు కొలవగలిగే, లిమిట్‌లు బయటికి జారిపోని వెక్టర్ స్పేస్‌ల) మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. శ్రద్ధగా రాశావు. కానీ మొదటి రెండు పేజీలూ నిర్వచనాలతోనే నిండిపోయాయి. ఆపరేటర్ అంటే వెక్టర్లను వెక్టర్లుగా మార్చే లీనియర్ నియమం; అందులో కాంపాక్ట్ ఆపరేటర్ అవసరం ఎందుకొచ్చిందో పాఠకుడికి ముందు తెలియాలి.

పరిమిత డైమెన్షన్‌లో, హద్దు దాటని ఏ సీక్వెన్స్‌లోనైనా కన్వర్జ్ అయ్యే సబ్‌సీక్వెన్స్ దొరుకుతుంది. అనంత డైమెన్షన్‌లో ఆ భరోసా పోతుంది. హిల్బర్ట్ స్పేస్‌లో (కోణాలు కూడా కొలవగలిగే బనాఖ్ స్పేస్‌లో) ఒకదానికొకటి లంబంగా ఉండే యూనిట్ వెక్టర్లు తీసుకో. ఏ రెండింటి మధ్య చూసినా దూరం √2. ఇక అవి ఎక్కడ దగ్గరవుతాయి? ఇప్పుడు మొదటి నిరూపకాన్ని 1తో, రెండోదాన్ని 2తో, మూడోదాన్ని 3తో భాగించుకుంటూ పోయే ఆపరేటర్‌ను వాటి మీద ప్రయోగించు. అవే వెక్టర్లు సున్నాకి చేరువవుతాయి. పోయిన భరోసాను తిరిగిచ్చేదే కాంపాక్ట్ ఆపరేటర్. ఇంత చెప్పాక నిర్వచనం రాయి, ఎవరూ బెదరరు.

ఒక వాక్యం మాత్రం తప్పకుండా మార్చాలి. 'కాంపాక్ట్ ఆపరేటర్లంటే పరిమిత ర్యాంక్ ఆపరేటర్ల (ఫలితాలన్నీ పరిమిత డైమెన్షన్‌లోనే ఉండేవాటి) లిమిట్‌లే' అన్నావు. హిల్బర్ట్ స్పేస్‌లో అది నిజం. బనాఖ్ స్పేస్‌లన్నిటికీ కాదు. పరిమిత ర్యాంక్ ఆపరేటర్ల నార్మ్ (ఆపరేటర్ సైజును కొలిచే సంఖ్య) లిమిట్ ఎప్పుడూ కాంపాక్టే. ప్రతి కాంపాక్ట్ ఆపరేటరూ అలాంటి లిమిట్ అవుతుందా అని తిరగేసి అడిగితేనే చిక్కు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ అక్కడే ఉంది, నువ్వు దాన్ని దాటేసి వెళ్లిపోయావు. 1936లో పోలిష్ గణిత శాస్త్రజ్ఞుడు మజూర్, అప్పటి పోలండ్‌లోని ల్వూవ్‌లో గణితజ్ఞులు ప్రశ్నలు రాసుకునే స్కాటిష్ కేఫ్ నోటుబుక్కులో ఒక ప్రశ్న రాసి, సాధించినవాళ్లకు బతికున్న బాతును ఇస్తానన్నాడు. చూడ్డానికి అది నిరంతర ఫంక్షన్ల గురించిన ప్రశ్న. కానీ అదీ, ఈ లిమిట్ ప్రశ్నా ఒకటేనని గణిత శాస్త్రజ్ఞుడు గ్రోతెన్‌డీక్ పని వల్ల తేలింది. 1972లో స్వీడన్‌కు చెందిన పెర్ ఎన్‌ఫ్లో, జవాబు 'కాదు' అయ్యే ఒక స్పేస్‌ను నిర్మించి చూపించాడు. మజూర్ మాట నిలబెట్టుకుని బాతు ఇచ్చాడు. బాతు కథ అందరూ చెబుతారు, నువ్వూ చెప్పు, కానీ ప్రశ్న అర్థమయ్యాకే. షాడర్ బేసిస్ (ప్రతి వెక్టర్‌నూ ఒకే విధంగా అనంత మొత్తంగా రాయడానికి వీలిచ్చే వెక్టర్ల వరుస) ఉన్న ప్రతి స్పేస్‌లోనూ జవాబు 'అవును' కాబట్టి, ఎన్‌ఫ్లో స్పేస్‌కు అలాంటి బేసిస్ లేదని కూడా రాయి.

గణిత శాస్త్రజ్ఞులు ఆర్గిరోస్, హేడన్‌ల ఫలితానికి రెండే వాక్యాలు ఇచ్చావు. 2011లో అచ్చయిన ఆ పేపర్‌లోని అనంత డైమెన్షన్ స్పేస్ మీద, ప్రతి బౌండెడ్ ఆపరేటరూ (వెక్టర్ల పొడవును ఒక స్థిరమైన రెట్లకు మించి పెంచనిది) ఐడెంటిటీకి (ప్రతి వెక్టర్‌నూ అలాగే ఉంచే ఆపరేటర్‌కు) ఒక గుణిజం, దానికి ఒక కాంపాక్ట్ ఆపరేటర్ కలిపితే వచ్చేదే. అంటే ఒక స్పేస్ నిర్మాణమంతా దాని కాంపాక్ట్ ఆపరేటర్లలో కనిపిస్తోంది! నీ వ్యాసానికి అసలైన ఉదాహరణ ఇదే. దీనికి కనీసం ఒక పేజీ ఇవ్వు. 'బౌండెడ్' అన్న మాట మాత్రం వదలకు.

మార్చాక పంపు, మళ్లీ చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య