మ్యాట్రిక్స్ మూడో భాగాన్ని సగం మంది మోస్తారు, సగం మంది తిడతారు, ఎందుకని?

"మూడు సినిమాల్లో చివరిదైన మ్యాట్రిక్స్ రెవల్యూషన్స్ గురించి ఇరవై ఏళ్లు దాటినా జనం రెండుగా చీలే మాట్లాడతారు, కారణమేంటి?" అని అడిగారు. దీనికి జవాబు చెప్పే అర్హత విజయవాడలో నాకున్నంత ఇంకెవరికీ లేదని నా గట్టి నమ్మకం. కనీసం సత్యనారాయణపురం వరకు ఆ చీలికకి సగం కారణం మా కొట్టే.

2003లో నేను డిగ్రీ చదువుతూ సాయంత్రాలు మా బాబాయి సీడీల కొట్లో కూర్చునేవాణ్ని. రోజుకి పది రూపాయల అద్దె. ఇప్పటి పిల్లలకి తెలియదేమో, అప్పట్లో ఒక సినిమా రెండు సీడీల్లో వచ్చేది. మొదటిది అయిపోగానే ఎవరో ఒకరు లేచి రెండోది వెయ్యాలి, ఆ గ్యాప్‌లో వంటింట్లోంచి మురుకులు రావాలి. మ్యాట్రిక్స్ రెండో భాగం రెండు సీడీలు, మూడో భాగం రెండు సీడీలు. ఆ సీడీలు ఎక్కడి నుంచి వచ్చాయో మాత్రం అడక్కండి, మా బాబాయి ఇప్పటికీ చెప్పడు.

చీలిక అసలు ఎక్కడ మొదలైందంటే, నా లెక్కలో, మే నెలకీ నవంబరుకీ మధ్య. మొదటి సినిమా 1999లో వచ్చింది: యంత్రాలు మనుషుల్ని బ్యాటరీల్లా వాడుకుంటూ, మ్యాట్రిక్స్ అనే కంప్యూటర్ కలలో పడుకోబెట్టే కథ. దాని మీద ఎవరికీ గొడవ లేదు. రెండోది 2003 మేలో, మూడోది అదే ఏడాది నవంబరు 5న. రెండూ ఒకేసారి షూటింగ్ జరుపుకున్నవే, నిజానికి ఒకే పెద్ద సినిమాని మధ్యలో కోసి రెండు ముక్కలు చేశారు. ఇంటర్వెల్ ఆరు నెలలన్నమాట. పైగా మూడోదాన్ని ప్రపంచమంతా ఒకే క్షణంలో విడుదల చేస్తామని హడావిడి చేశారు. లండన్‌లో మధ్యాహ్నం రెండు గంటలకి, అంటే మన గడియారంలో రాత్రి ఏడున్నరకి.

ఆ ఆరు నెలల్లో జనం ఊరుకున్నారా? రెండో భాగం చివర్లో హీరో నియో నిజలోకంలో, అంటే కంప్యూటర్ కల బయట, చెయ్యి చాస్తే తరుముకొస్తున్న యంత్రాలు టపటపా పడిపోతాయి. కలలో తూటాలు ఆపాడంటే ఒప్పుకుంటాం. బయట ఎలా ఆపుతాడు? కాబట్టి బయట అనుకుంటున్నది కూడా ఇంకో కలే, కల నుంచి బయటపడ్డ మనుషులుండే జియాన్ నగరం కూడా మ్యాట్రిక్సే అని అందరూ తేల్చేశారు. అందరూ అంటే నేనూ, మా కొట్టు పక్కన టీ బండి దగ్గర నిలబడే నలుగురు ఇంజినీరింగ్ కుర్రాళ్లూ. నేనైతే లాంగ్ నోట్‌బుక్‌లో పదకొండు పేజీలు రాశాను, బొమ్మలతో సహా. తీరా మూడో భాగంలో ఒరాకిల్, అదే జోస్యం చెప్పే ముసలావిడ, ఏం చెప్పింది? నీ శక్తి ఈ లోకం దాటి, అది పుట్టిన మూలం దాకా వెళ్తుంది అని ఒక్క ముక్క. అయిపోయింది. నా పదకొండు పేజీలు పకోడీల పొట్లాలకి వెళ్లాయి.

బాహుబలితో పోల్చి చూడండి. 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా, దాదాపు రెండేళ్లు, కట్టప్ప ఎందుకు చంపాడని ఊరంతా అడిగింది. రెండో భాగంలో ఎందుకు చంపాడో వివరంగా, కళ్లకి కట్టినట్టు చూపించారు. ఎవడూ గొడవ చెయ్యలేదు. ప్రశ్నని ఊరించి ఊరించి జవాబుని చేతిలో చిల్లర పెట్టినట్టు పెడితే మాత్రం మండుతుంది. మూడో భాగాన్ని తిట్టేవాళ్లలో చాలామంది తిట్టేది సినిమాని కాదు, ఆ చిల్లరని. వసూళ్లు కూడా అలాగే ఉన్నాయి: రెండోది ప్రపంచమంతా కలిపి 74 కోట్ల డాలర్ల దాకా తెస్తే, మూడోది 42 కోట్ల పైచిలుకు దగ్గర ఆగింది.

(ఇక్కడ ఒక మాట. ఈ మధ్య ప్రతివాడూ కథ మధ్యలో ఆపి "మిగతాది పార్ట్ టూలో" అంటున్నాడు. మొదటి భాగానికి టికెట్, పాప్‌కార్న్, పార్కింగ్, ఆన్‌లైన్‌లో బుక్ చేసినందుకు మళ్లీ ఓ రుసుము కట్టి కూర్చుంటే, సగం కథ. హోటల్లో భోజనానికి కూర్చోబెట్టి పప్పు వడ్డించి, సాంబారు వచ్చే ఏడాది అన్నట్టుంది. సరే, అసలు విషయానికొస్తాను.)

మా కొట్టుకి ఇద్దరు నికార్సైన మ్యాట్రిక్స్ గిరాకీలు ఉండేవాళ్లు. ఒకాయన ఫిజిక్స్ లెక్చరర్, మేం మాస్టారు అనేవాళ్లం. రెండో భాగంలో మ్యాట్రిక్స్‌ని తయారుచేసిన ఆ తెల్ల గడ్డం ఆర్కిటెక్ట్ మాట్లాడే ఇంగ్లిష్ మా వీధిలో ఆయన ఒక్కడికే అర్థమైంది. సీడీల్లో కింద అక్షరాలు రావు కదా, కాబట్టి ఆయన చెప్పిందే వేదం. రెండో ఆయన ఆటోనగర్‌లో లారీల ఎలక్ట్రికల్ పని చేసే అన్న. ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు, కానీ ఒక్కో సినిమా మూడేసి సార్లు పట్టుకెళ్లేవాడు.

మాస్టారుకి మూడో భాగం అంటే ఒళ్లుమంట. మనుషుల్ని బ్యాటరీల్లా వాడుకోవడం అనేదే తప్పట. మనిషికి పెట్టే తిండిలో ఉన్న శక్తి కంటే మనిషి నుంచి వచ్చే శక్తి తక్కువే ఉంటుంది, యంత్రాలకి ఆ మాత్రం తెలీదా అనేవారు. (ఈ తప్పు మొదటి భాగంలోనూ ఉంది కదా మాస్టారూ అంటే, అది చూసేటప్పుడు తట్టలేదు అన్నారు. అంటే ఆ సినిమా బాగుందనేగా అర్థం!) జియాన్ యుద్ధంలో సైనికులు ఎక్కే ఇనప మనుషుల్లాంటి యంత్రాలకి ముందువైపు అడ్డు లేదు, డ్రైవరు ఛాతీ చూపించుకుంటూ కూర్చుంటాడు, ఇదెక్కడి ఇంజినీరింగ్ అని ఇంకో అభ్యంతరం.

ఆటోనగర్ అన్నకి ఆ యుద్ధమే ప్రాణం. "అద్దం పెడితే లోపల ఉడికిపోతాడు మాస్టారూ, మీరు లారీ క్యాబిన్లో మే నెలలో కూర్చున్నారా ఎప్పుడన్నా?" అనేవాడు. ఆయనకి నచ్చింది కాల్పులు కాదు, తూటాల బండి తోసే కుర్రాడు. తోస్తుంటే తడబడటం, లోడింగ్ కుదరకపోవడం, చేతులు వణకడం. "ఎవరో షెడ్డులో పని చేసినోడే తీసుంటాడయ్యా ఇది. మెషీన్ ఎప్పుడూ పనిచేసేటప్పుడు ఆగదు, అవసరం పడ్డప్పుడు ఆగుద్ది" అనేవాడు. కెప్టెన్ మిఫునే చచ్చిపోతూ గేటు తెరవమంటే, ట్రైనింగు పూర్తి కాలేదండీ అంటాడు ఆ కుర్రాడు. నాదీ పూర్తి కాలేదు అంటాడు కెప్టెన్. ఆ ముక్కని నేను తెలుగులో చెప్పినప్పుడు అన్న కౌంటర్ మీద చెయ్యి వేసి రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. ఆయన దగ్గర పదమూడేళ్ల హెల్పర్ ఒకడు ఉండేవాడని తర్వాత తెలిసింది.

ఒరాకిల్ ముసలావిడ ముఖం మారిపోయిందేంటని ఇద్దరూ అడిగారు. పాత పాత్రధారి గ్లోరియా ఫోస్టర్ 2001లో చనిపోతే మేరీ ఆలిస్‌ని పెట్టారు. ఇది నేను పేపర్లో చదివి చెప్పాను. మా పిన్ని మాత్రం "డబ్బుల దగ్గర తేడా వచ్చుంటుంది" అని ఇప్పటికీ అంటుంది.

డిసెంబరులో ఒక సాయంత్రం, తుఫాను వాన. కొట్లో పిట్ట లేదు. ఇద్దరూ వాన తగ్గేదాకా నిలబడదామని వచ్చి ఎప్పట్లాగే మొదలెట్టారు. విసుగొచ్చి నేనే అన్నాను, రెండూ మూడూ ఇప్పుడే వరసగా చూసి తేల్చుకోండి అని. నాలుగున్నర గంటల పని. బాబాయి కూడా ఎలాగూ గిరాకీ లేదని షట్టర్ సగం దించాడు. మూడో భాగం మొదటి సీడీ అయ్యేసరికి కరెంటు పోయింది.

మాస్టారు సంతోషించారు. అన్న మాత్రం వానలోనే స్కూటర్ మీద వెళ్లి, కాళ్ల మధ్య లారీ బ్యాటరీ, వెనక ఒక కుర్రాడి ఒళ్లో ఇన్వర్టర్ పెట్టుకుని, ముద్దగా తడిసి వచ్చాడు. మనుషుల్ని బ్యాటరీలు చేసిన సినిమాని అలా లారీ బ్యాటరీ మీద చూశాం. టీవీ వెలుగు తప్ప వీధంతా చీకటి. హీరోయిన్ ట్రినిటీ మేఘాలు దాటి పైకెళ్లి ఒక్క క్షణం సూర్యుణ్ని చూస్తుందే, అక్కడ షట్టర్ కింద నుంచి వాన జల్లు మా కాళ్ల మీద పడుతోంది. ఆ సీను థియేటర్లో చూసినవాళ్ల కంటే నేనే బాగా చూశానని చెప్పగలను.

తర్వాత వానలో నియోకీ, కనిపించినవాణ్నల్లా తనలా మార్చుకునే విలన్ స్మిత్‌కీ ఆ పెద్ద కొట్లాట. ఇద్దరూ గుంటలో పడతారు, స్మిత్ లేచి నిలబడి మాట్లాడటం మొదలెడతాడు. అప్పుడు మాస్టారు లేచారు. చెప్పులు వేసుకున్నారు. గొడుగు తీసుకున్నారు. "సరే, అయిపోయిందిగా. చూశారా, విలన్ గెలిచాడు, ఇదేం ముగింపు?" అన్నారు.

సినిమా నడుస్తూనే ఉంది.

మాస్టారు టీవీ వైపు చూశారు. "ఇదేంటి?" అన్నారు.

విషయం ఏంటంటే, మా దగ్గర మూడో భాగం రెండు కాపీలు ఉండేవి. రెండో కాపీకి గీతలు పడి సరిగ్గా అక్కడే ఆగిపోయేది. ఎవరైనా వచ్చి "చివర్లో ఆగిందండీ" అంటే, డబ్బులు వెనక్కి ఇవ్వాల్సి వస్తుందని మా బాబాయి "అంతేనండీ, ఇంక పేర్లే ఉంటాయి" అనేవాడు. జనం నమ్మేవాళ్లు! ఇంగ్లిష్ సినిమా కదా, శుభం అని కార్డు పడదు, హీరోహీరోయిన్లు గుడి ముందు నిలబడరు, మధ్యలో తెగినట్టే ముగుస్తుందని మనవాళ్ల నమ్మకం. హీరో కళ్లు పోయాయి, హీరోయిన్ చచ్చిపోయింది, విలన్ నవ్వుతున్నాడు, సమాప్తం. తిట్టక ఏం చేస్తారు?

బాబాయి పైకప్పు వైపు చూస్తున్నాడు, ఫ్యాను ఎందుకు తిరగట్లేదా అన్నట్టు. కరెంటే లేదు.

మాస్టారు చెప్పులతోనే కూర్చున్నారు. నియో పోరాడటం మానేసి నిలబడిపోవడం, స్మిత్ అతన్ని కూడా తనలా మార్చుకోవడం, ఆ తర్వాత స్మిత్‌లందరూ పగిలిపోవడం. ఇది అర్థం కాలేదని ఈ రోజుకీ పేజీలకి పేజీలు రాసేవాళ్లున్నారు. అన్న ఒక్క ముక్కలో తేల్చాడు. "స్మిత్ ఎవర్ని పట్టుకున్నాడు? నియోని. నియో ఒంటికి వెనక వైర్లు ఎవరివి? మెషీన్లవి. ఇంకేముంది, నియో ఎర్త్ వైరయిపోయాడు, వీడు మాడిపోయాడు." ఇంతకంటే మంచి వివరణ నేను ఎక్కడా చదవలేదు, చదువుతానని కూడా అనుకోను.

మర్నాడు రిజిస్టర్ తీసి లెక్క చూశాను. మంచి కాపీ పట్టుకెళ్లినవాళ్లలో నాకు గుర్తున్నంతవరకు తిట్టినవాళ్లు తక్కువ. గీతల కాపీ వాళ్లలో బాగుందన్నవాడు ఒక్కడే, వాడు మొదటి సీడీ రెండుసార్లు చూశాడు. ఇది పరిశోధన కాదంటారా? అనుకోండి. ఆరు నెలలు ఎదురుచూసి సొంత కథలు అల్లుకున్నవాళ్లు ఒకవైపు, వరసగా కూర్చుని చూసినవాళ్లు ఇంకోవైపు. ఏ ఊళ్లో అడిగినా నాకు ఇదే కనిపించింది. మీరు తిట్టే గుంపులో ఉంటే, ఒక ఆదివారం రెండోది వేసి, లేవకుండా మూడోది వేసి చూడండి. 2021లో నాలుగోది వచ్చింది కాబట్టి అసలు అది చివరిది కాదు అనేవాళ్లున్నారు, వాళ్లతో నేను మాట్లాడను.

ఆ రాత్రికి మాస్టారు మారిపోయారని రాస్తే బాగుండేది. మారలేదు. చివర్లో పేర్లు పడుతుంటే ఆ సంగీతంలో ఉపనిషత్తు మంత్రం "అసతో మా సద్గమయ" వస్తుంది. ఆయన చటుక్కున ముందుకి వంగారు. "బృహదారణ్యకం!" అన్నారు. పేర్లు పూర్తయ్యేదాకా కదల్లేదు. మేం ముగ్గురం ఏమంటారా అని ఆయన మొహమే చూస్తున్నాం.

"ఉచ్చారణ బాలేదు" అన్నారు.

గొడుగు తీసుకుని, షట్టర్ కింద నుంచి వంగి బయటికి వెళ్లి, మళ్లీ తల లోపలికి పెట్టి మా బాబాయిని అడిగారు, "నా పది రూపాయలేవయ్యా?"